మెడకు ఒదిగే పూసల హారం: కడపలో కుట్టించుకున్న రెండు నగల సమీక్ష

చేత్తో కుట్టిన పూసల నగను కొనేటప్పుడు మనం ముందుగా రంగు చూస్తాం, తర్వాత డిజైన్ చూస్తాం, ఆ తర్వాత ధర అడుగుతాం. అది మెడ మీద ఎలా ఒదుగుతుందో మాత్రం ఇంటికి వచ్చి పెట్టుకున్నాకే తెలుస్తుంది. కడపలో వై.వి. స్ట్రీట్‌కు దగ్గరి సందులో, ఇంటి ముందు గదినే అంగడిగా చేసుకుని కొందరు ఆడవాళ్ళు పూసల నగలు కుడుతున్నారు. అక్కడ నేను ఒక పొడవాటి హారాన్నీ, మెడకు దగ్గరగా పెట్టుకునే ఒక పట్టెడనూ కుట్టించుకున్నాను. హారం నాకు ఎంతగానో నచ్చింది, పట్టెడ నచ్చలేదు. రెండూ ఒకే చేతుల పని, రెండింటిలోనూ నేర్పుకు లోటు లేదు. అందుకే తేడా ఎక్కడ వచ్చిందో వివరంగా రాస్తే, ఇలాంటి నగలు కుట్టించుకోవాలనుకునేవారికి ఉపయోగపడుతుందని అనిపించింది.

ముందు హారం సంగతి. దాని పట్టీ రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. దానిమ్మ గింజ రంగు గుండ్రటి పూసల మధ్య, మెరుపు తక్కువగా ఉన్న బంగారు రంగు పూసలు వాలుగీతలుగా నడుస్తాయి. అన్నీ 11వ నంబరు పూసలే, అంటే సుమారు రెండు మిల్లీమీటర్లవి. పూసల లెక్కలో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 15వ నంబరు దీనికంటే సన్నం, 8వ నంబరు పూస సుమారు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. హారాన్ని మధ్యలో చూపుడువేలి మీద వేలాడదీస్తే, రెండు వైపులూ వెంటనే కిందికి జారి ఒకదానికొకటి ఆనుకుంటాయి. మెడలో వేసుకుంటే భుజం వంపు మీదుగా దిగి, మెడ కింది ఎముకల దగ్గర ఎక్కడా లేవకుండా గుండెల మీద వాలుతుంది. తల పక్కకు తిప్పినా అంచు గుచ్చుకోదు.

ఈ గుణం అల్లిక నుంచి వచ్చింది. హారాన్ని కుట్టినది రైట్ యాంగిల్ వీవ్ పద్ధతిలో. ఆ అంగడిలో దాన్ని నాలుగు పూసల అల్లిక అంటున్నారు. నాలుగు పూసలు ఒక చిన్న చదరంగా ఏర్పడతాయి, పక్క చదరం వాటిలో ఒక పూసను పంచుకుంటుంది. దారం ఒక చదరంలో కుడివైపుకు తిరిగితే తర్వాతి దానిలో ఎడమవైపుకు తిరుగుతుంది, అంతేగాని ఏ చదరాన్నీ అడ్డంగా దాటి సూటిగా పోదు. అందువల్ల ప్రతి మూలలోనూ పూస లేని చిన్న సందు మిగులుతుంది, అక్కడ దారం మాత్రమే ఉంటుంది. ఆ సందే కీలులా పనిచేస్తుంది. చదరాన్ని రెండు మూలలు పట్టుకుని లాగితే అది డైమండ్ ఆకారానికి వాలిపోతుంది, వదిలితే మళ్ళీ చదరమవుతుంది. ఇలా వాలగలిగే గళ్ళు వందల కొద్దీ పక్కపక్కన ఉన్నప్పుడు ఆ పట్టీ ముందుకూ వెనక్కూ మడవడమే కాదు, పక్కకు కూడా వంగుతుంది. మెడ చుట్టూ ఉండే నగకు కావలసింది సరిగ్గా ఆ పక్క వంపే, ఎందుకంటే మెడ మొదట్లో పట్టీ లోపలి అంచు కంటే బయటి అంచుకు ఎక్కువ దూరం పడుతుంది.

అల్లిక సరైనదైనా దారాన్ని బిర్రుగా లాగితే ఆ కీళ్ళన్నీ మూసుకుపోతాయి. కుట్టే ఆవిడను ఇదే అడిగినప్పుడు, సూది ఆపకుండానే, “కుట్టుకుట్టుకీ బిగబట్టి లాగితే కట్టె మాదిరి నిలబడిపోతాదమ్మా, పూస పూసకి తగిలితే చాలు” అన్నారు. ఆవిడ చేతిని కాసేపు గమనించాను. పూసలు చేరేదాకా దారం లాగుతారు, చేరాక మాత్రం లాగరు. బొటనవేలితో ఆ గడిని ఒకసారి అదిమి, అది కదులుతోందని చూసుకుని ముందుకు పోతారు. మరీ వదులైతే దారం బయటికి కనిపిస్తుంది, గాజు అంచులు దాన్ని రాసి రాసి తొందరగా తెంపుతాయి. ఆ రెండింటి మధ్య కొలత చేతికే తెలియాలి, ఈవిడ చేతికి అది బాగా తెలుసు.

దారం ఎంపికలోనూ శ్రద్ధ కనిపించింది. బజారులో చాలామంది వాడే పారదర్శకమైన నైలాన్ తీగ ఒంటి పోగుతో గట్టిగా ఉంటుంది. చుట్టలో ఉన్న వంపును అది మరచిపోదు కాబట్టి, దానితో కుట్టిన నగ ఒక పక్క తిరిగిపోయి నిలబడుతుంది. ఈ హారానికి వాడినది సన్నటి పోగులు కలిసిన మెత్తటి నైలాన్ దారం. అది లాగితే కొంత సాగుతుంది కాబట్టి, కుట్టడానికి ముందే మూర మూరగా లాగి సాగదీస్తున్నారు. గాలాలకు వాడే ఫైర్‌లైన్ దారం కూడా అక్కడ ఉంది. అది పాలిథిలీన్‌తో చేసినది, చాలా గట్టిది, పదునైన అంచులున్న పూసలకు మంచిది. కాని నైలాన్ కంటే కాస్త బిరుసు. జాలువారవలసిన నగకు దాన్ని వాడబోమని, వాడవలసి వస్తే సన్నటిదే తీసుకుంటామని చెప్పారు. దారానికి మైనం కూడా వేయడం లేదు. మైనం దారాన్ని పూసల రంధ్రాల్లో పట్టి ఉంచుతుంది, ఆకారం నిలబడవలసిన నగకు అది మేలు, ఒదగవలసిన దానికి కాదు.

ఇక పట్టెడ. చూడటానికి రెండింటిలో ఇదే అందమైనది. జపాన్‌కు చెందిన మియుకి సంస్థ డెలికా పూసలతో, పెయోట్ అల్లికలో, నెమలికంఠం రంగు మీద మామిడిపిందెల వరుస వేశారు. డెలికాలు గుండ్రంగా కాక చిన్న గొట్టాల్లా, సమానమైన కొలతలో ఉంటాయి. పక్కపక్కన పేర్చితే సందు లేకుండా అతుక్కుని, బొమ్మ గీతలు తేటగా వస్తాయి. ఆ అతుక్కునే గుణమే ఇక్కడ ఇబ్బంది తెచ్చింది. పెయోట్‌లో పూసలు గోడలో ఇటుకల్లా సగం సగం జరిగి కూర్చుంటాయి కాబట్టి ఆ పట్టీ ఒక దిక్కున సులువుగా చుట్టుకుంటుంది, రెండో దిక్కున బిరుసుగా ఉంటుంది, పక్కకు దాదాపు వంగదు. మణికట్టుకు ఈ అల్లిక చక్కగా సరిపోతుంది. మెడ మొదట్లో మాత్రం సూటి పట్టీ పైకి లేచి గొంతుకు ఆనుకుంటుంది, లేదా కింది అంచు ఒంటిని తాకకుండా దూరంగా నిలుస్తుంది. నా పట్టెడకు రెండూ జరిగాయి.

దీనికి మార్గం లేక కాదు. లోపలి అంచున 15వ నంబరు పూసలు, మధ్యలో 11, బయటి అంచున 8వ నంబరు వేసి అదే అల్లికలో కుట్టితే, పట్టీ తనంతట తానే విల్లులా వంగుతుంది. అల్లిక బిరుసుగానే ఉన్నా ఆకారం మెడకు సరిపోతుంది. మామిడిపిందెలే ముఖ్యమనుకుంటే బొమ్మను మధ్య భాగానికి పరిమితం చేసి, రెండు పక్కలా నాలుగు పూసల అల్లికతో గాని, వలలా ఉండి ఇంకా మెత్తగా వాలే జాలీ అల్లికతో గాని పూర్తి చేయవచ్చు. ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పి ఉండవలసింది. పని తెలిసినవారు కాబట్టి వారి నుంచి నేను ఆశించినది అదే.

పట్టెడ అంచుకు వేసిన పూసల మొగ్గలు ఆ బిరుసును ఇంకా పెంచాయి. మొగ్గ వేయాలంటే అంచు పూసల్లో దారం మళ్ళీ దూరాలి. డెలికా రంధ్రం సుమారు 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది. దానిలో దారం ఒకటి రెండుసార్లు పోతే పూస స్వేచ్ఛగా తిరుగుతుంది, నాలుగైదు సార్లు పోతే రంధ్రం నిండి పూస కదలదు. దారపు కొసలన్నీ ఒకే చోట దాచడం కూడా ఇలాంటిదే. పట్టెడ ఎడమ పక్కన బొటనవేలితో నొక్కితే గట్టిగా తగిలే చోటు ఒకటుంది, కొసలన్నీ అక్కడే ఉన్నాయి. హారంలో మాత్రం కొసలను వేర్వేరు వరుసల్లోకి పంచారు, వెతికినా చేతికి తగలలేదు.

పూత గురించి ఒక్క మాట. లోహపు మెరుపు కోసం పైన గాల్వనైజ్డ్ పూత వేసిన మామూలు పూసలు చెమటకు రంగు వదులుతాయి. మే నెలలో కడప ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. మియుకిలో డ్యూరాకోట్ అని, టోహో అనే మరో జపాన్ సంస్థ పూసల్లో పర్మాఫినిష్ అని ఎక్కువ కాలం నిలిచే పూతలున్నాయి. నా హారంలోని బంగారు రంగు పూసలు ఆ రకానివే, ఇంతవరకు రంగు మారలేదు.

హారం వెనక కొక్కెం బదులు పట్టుదారపు డోరీ పెట్టారు. ఇది నాకు బాగా నచ్చిన నిర్ణయం. బరువైన కొక్కెం హారాన్ని వెనక్కి లాగి ముందువైపు ఒదుగును చెడగొడుతుంది. డోరీ అయితే బరువు ఉండదు, జాకెట్టు మెడను బట్టి పొడవు మార్చుకోవచ్చు.

హారానికి రూ. 2,600, పట్టెడకు రూ. 1,900 తీసుకున్నారు. నాలుగు పూసల అల్లికకు సమయమూ దారమూ ఎక్కువ పడతాయి కాబట్టి హారం ధర న్యాయంగానే ఉంది. పట్టెడ పట్ల నా అసంతృప్తి చెప్పినప్పుడు వాదించలేదు. మెడలో పెట్టించి చూసి, లేచిన చోట్ల సుద్దతో గుర్తులు పెట్టుకుని, రెండు పక్కలా విప్పి జాలీ అల్లికతో మళ్ళీ కుడతామని, కొత్తగా పడే పూసల ఖర్చు ఇస్తే చాలని అన్నారు. నేను ఒప్పుకున్నాను.

అక్కడికి వెళ్ళేవారు, పెట్టుకోబోయే జాకెట్టునో దాని మెడ కొలతనో తీసుకుపోవడం మంచిది. తయారుగా ఉన్న నగను కొంటుంటే దాన్ని బల్ల అంచు మీదుగా సగం వేలాడదీసి చూడండి, తర్వాత బల్ల మీదనే గుండ్రంగా పరిచి చూడండి. మొదటి పరీక్షలో వాలి, రెండో పరీక్షలో అంచులు లేవకుండా పరుచుకుంటే మెడ మీదా అలాగే ఉంటుంది. కుట్టించుకునేవారు అల్లిక పేరు, దారం రకం, అంచుకు మొగ్గలు కావాలా వద్దా అన్నవి ముందే మాట్లాడుకోవాలి. శ్రావణమాసంలో వారికి ఆర్డర్లు ఎక్కువట. వరలక్ష్మీ వ్రతానికి కావాలనుకునేవారు ఆషాఢం మొదట్లోనే కొలతలు ఇవ్వమంటున్నారు.