మెట్లు లెక్కపెట్టని హోటల్: వియన్నాలో అయిదు రాత్రులు, ప్రాగ్‌లో రెండు

ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్దామని మా ఆవిడ అన్నప్పుడు నేను ముందు చూసింది విమాన టికెట్లు కాదు, హోటళ్లు. కారణం అమ్మ. డెబ్భై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు, పక్కా శాకాహారి, మంచినీళ్లు గోరువెచ్చగా ఉంటేనే తాగుతుంది. ముగ్గురం ఒకే రూములో సర్దుకోవాలి. రాత్రికి పదహారు వేల రూపాయలు దాటకూడదనుకున్నాం. యూరప్ పెద్ద నగరాల్లో ముగ్గురికి ఈ డబ్బుతో రాజభోగం రాదు కానీ, శుభ్రమైన చోటే దొరుకుతుంది.

ఎంతో చూసి బుక్ చేశాననుకున్నాను. తీరా వెళ్లాక రెండు రాత్రులకే ఆ హోటల్ వదిలేసి ఇంకోదానికి మారాం. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చెబితే మీకు కొంత ఖర్చు తప్పుతుంది.

వీసా సంగతితోనే మొదలుపెడతాను. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి ప్రతి రాత్రి ఎక్కడ ఉంటామో చూపించాలి. కాబట్టి ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న రూములే తీసుకోవాలి. ముందే డబ్బు కట్టేస్తే మాకు రాత్రికి 12 యూరోలు తగ్గేది. వీసా రాకపోతే మొత్తం పోతుందని అందులోకి దిగలేదు. వచ్చాక తీరిగ్గా మార్చుకోవచ్చు కదా అనుకున్నాను. వీసా వచ్చాక ఆ సంతోషంలో మార్చడం మర్చిపోయాను. అదీ నా నిర్వాకం.

మొదటి హోటల్ వియన్నా నడిబొడ్డున, స్టెఫాన్స్‌ప్లాట్జ్‌కి అయిదు నిమిషాల నడక. పెద్ద చర్చి ఉన్న కూడలి అది, ఊరికి బొడ్రాయి లాంటిది. నాలుగు నక్షత్రాలు, వందేళ్ల పైబడిన భవనం, ఫొటోల్లో ఎత్తైన సీలింగు, షాండిలియరు. రాత్రికి 178 యూరోలు. అప్పటి లెక్కన పదహారు వేలకి కాస్త తక్కువ. ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

2024 జూన్ చివరి వారం అది. ఎయిర్‌పోర్టు నుంచి ఎస్-7 లోకల్ రైలెక్కి వీన్ మిట్టె స్టేషన్లో దిగాం. 16 నిమిషాల్లో చేర్చే ఎక్స్‌ప్రెస్ రైలు ఇంకోటుండేది, దాని టికెట్టు అప్పట్లో లోకల్‌కి మూడు రెట్లు. పది నిమిషాల కోసం అంత ఎందుకని లోకల్‌లోనే కూర్చున్నాం, ఏమీ నష్టం లేదు. అక్కడి నుంచి యు-3 మెట్రోలో రెండు స్టేషన్లు. పైకి రావడానికి లిఫ్టుంది. ఇంతవరకూ హాయిగా గడిచింది.

ఆ తర్వాత రాళ్లు పరిచిన వీధి. నడిచేవాళ్లకే తప్ప బండ్లకి అనుమతి లేని ప్రాంతం కాబట్టి టాక్సీ గుమ్మం దాకా రాదు. మూడు సూట్‌కేసులు టకటకమంటూ లాగుకుంటూ హోటల్ ముందుకొచ్చేసరికి లోపల ఎదురుగా ఎనిమిది మెట్లు. లిఫ్టు ఆ మెట్ల పైన మొదలవుతుంది.

వియన్నా పాత భవనాల్లో ఇది మామూలేనట, నాకు తెలియలేదు. నేల అంతస్తు తర్వాత ‘హోఖ్‌పార్టెర్’ అని సగం ఎత్తులో ఒకటి, దాని మీద ‘మెత్సానిన్’ అని ఇంకోటి, ఆ తర్వాతే ఒకటో అంతస్తు మొదలవుతుంది. రిసెప్షన్లో అమ్మాయి నవ్వుతూ “మీది ఒకటో అంతస్తే” అంటే బతికిపోయాం అనుకున్నాను. మన లెక్కలో అది మూడోది. లిఫ్టులో ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడితే తలుపు మూసుకోదు. అమ్మని, సామాన్ని విడతలవారీగా పైకి చేర్చాం.

ట్రిపుల్ రూము అంటే మనం మూడు మంచాలనుకుంటాం. అక్కడ ఒక డబుల్ బెడ్డు, గోడకి ఆనించిన మడత మంచం. డబుల్ బెడ్డు కూడా నిజానికి రెండు సింగిల్ పరుపులు పక్కపక్కన చేర్చిందే, రెండు విడి దుప్పట్లతో. ఇది నాకు నచ్చింది. ఇరవై ఆరేళ్ల సంసారంలో దుప్పటి గురించి గొడవ లేని రాత్రులు అవే.

బాత్రూములో స్నానానికి తొట్టె. దాని అంచు మోకాలి ఎత్తు దాటి ఉంది. అమ్మ అందులోకి కాలెత్తి దిగడం జరగని పని. రెండు రోజులూ వాష్‌బేసిన్ దగ్గర తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంది. “కాశీకెళ్లినా ఇలా లేదురా” అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అసలు దెబ్బ ఏసీ. నాలుగు నక్షత్రాలుంటే ఏసీ ఉండే తీరుతుందని మన నమ్మకం. ఆస్ట్రియాలో అలా కాదు. అక్కడి పాత హోటళ్లలో చాలావాటికి ఏసీ లేదు, ఒకప్పుడు ఆ అవసరమే లేదు. ఇప్పుడు జూన్, జులై నెలల్లో ముప్ఫై డిగ్రీలు దాటడం మామూలైంది. పగలంతా వేడెక్కిన మందపాటి గోడలు రాత్రంతా ఆ వేడిని వదులుతూనే ఉన్నాయి. కిటికీ తీస్తే కింద రెస్టారెంటు వాళ్ల గ్లాసుల చప్పుడు పదకొండున్నర దాకా. మూస్తే ఉక్కపోత. ఫ్యాను అడిగితే ఒకటే ఉంది, వేరే రూముకి ఇచ్చేశాం అన్నారు. సీలింగ్ ఫ్యాను అన్న మాట ఆ దేశంలో వినిపించదు.

నక్షత్రాల గురించి ఒక్క మాట. 2009లో మొదలైన హోటల్‌స్టార్స్ యూనియన్ అనే సంఘం ఉంది. ఆస్ట్రియా, జర్మనీ, చెక్, హంగరీ లాంటి దేశాలు దాని ఉమ్మడి కొలతలతోనే నక్షత్రాలిస్తాయి. ఇటలీ, ఫ్రాన్స్‌లవి వాళ్ల సొంత పద్ధతులు. ఎక్కడైనా నక్షత్రాలు లెక్కపెట్టేది హోటల్లో ఏయే సౌకర్యాలున్నాయన్నదే. వీధి ఎంత గోల, గుమ్మంలో ఎన్ని మెట్లు, మీ అమ్మ కాలు తొట్టెలోకి లేస్తుందా అన్నది వాటికి పట్టదు. నా లెక్కలో ఏసీ ఉన్న మూడు నక్షత్రాలు, లేని నాలుగు నక్షత్రాల కంటే మేలు.

రెండో రోజు రాత్రి పన్నెండుకి ఫోను తెరిచి కొత్త రూము వెతికాను. ఈసారి వెతికిన తీరు వేరు. నక్షత్రాలు పక్కన పెట్టాను, ‘సిటీ సెంటర్‌కి ఎంత దూరం’ అన్న అంకెని కూడా. హైదరాబాదు అలవాటుతో రెండున్నర కిలోమీటర్లంటే ట్రాఫిక్‌లో ముప్పావుగంట అనుకుంటాం. వియన్నా మెట్రోలో అది మూడు స్టేషన్లు, అయిదారు నిమిషాలు. దూరం బదులు మూడు విషయాలు చూశాను: మెట్రో స్టేషన్ నుంచి హోటల్ గుమ్మం దాకా నేల ఎలా ఉంది, లిఫ్టు వీధి మట్టం నుంచే మొదలవుతుందా, స్నానానికి తొట్టె ఉందా లేక మామూలు షవరా.

మొదటిది గూగుల్ స్ట్రీట్ వ్యూలో కనిపించేస్తుంది. గుమ్మం ముందు ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. మిగతా రెండిటికీ రివ్యూలే దారి. పదికి పది ఇచ్చినవాళ్ల రివ్యూలు చదవడం దండగ, ఒకటి ఇచ్చినవాళ్లు ఏదో కోపంలో ఉంటారు. ఆరూ ఏడూ ఇచ్చినవాళ్లే నిజం రాస్తారు. ఇంగ్లిష్ రివ్యూలతో ఆగిపోకండి. జర్మన్ వాళ్లు ‘ఆఫ్‌త్సూగ్’ అంటే లిఫ్టు గురించి, ‘క్లిమాఆన్‌లాగె’ అంటే ఏసీ గురించి, చప్పుడు గురించి వివరంగా, కొలిచినట్టు రాస్తారు. ఫోన్లో అనువాదం నొక్కితే సరి.

అలా దొరికింది హౌప్ట్‌బాన్‌హోఫ్ అనే పెద్ద రైల్వే స్టేషన్ దగ్గరి హోటల్. మూడు నక్షత్రాలు, ఫ్యామిలీ రూము 142 యూరోలు, అంటే పన్నెండు వేల ఏడు వందలు. స్టేషన్ పక్కన అనేసరికి మా ఆవిడ ముఖం చిట్లించింది. మన స్టేషన్ల చుట్టుపక్కల లాడ్జీలు గుర్తొచ్చి ఉంటాయి. ఆ అనుమానం అన్నిచోట్లా తప్పు కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషన్ ముందు వీధుల్లో కుటుంబంతో దిగమని నేనైతే చెప్పను. వియన్నాది మాత్రం పాత స్టేషన్ పడగొట్టి కట్టి, 2014లో ప్రారంభించిన కొత్త స్టేషన్. చుట్టూ కొత్త భవనాలు, వెడల్పాటి ఫుట్‌పాతులు. అందం లేదు, ఒప్పుకుంటాను. కిటికీలోంచి చూస్తే హైటెక్ సిటీలా ఉంటుంది. మొజార్ట్ నడిచిన వీధిలో నిద్రలేవాలన్న కోరిక ఉన్నవాళ్లకి ఇది నచ్చదు.

మొదటి హోటల్ వాళ్లు మూడో రాత్రి డబ్బు వెనక్కివ్వలేదు. ఒక రోజు ముందు చెప్పాలన్నది షరతు, అది నేను చదవకుండానే ఒప్పుకున్నాను. మిగతా రెండు రాత్రులవీ వదిలేశారు. 178 యూరోలు నేర్పిన పాఠం అనుకుని మర్నాడు ఉదయమే కదిలాం. యు-1లో మూడు స్టేషన్లు, మెట్రో లిఫ్టులోంచి బయటికొచ్చి నున్నటి నేల మీద నాలుగు నిమిషాల నడక, అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. అమ్మ ఎక్కడా ఆగలేదు.

రూము చిన్నదే. సూట్‌కేసు ఒక్కటి తెరిస్తే నడవడానికి చోటు లేదు. అల్మరా బదులు గోడకి నాలుగు కొక్కేలు. కానీ ఏసీ చల్లగా ఉంది, షవరు దగ్గర గడప లేదు, గోడకి పట్టుకునే కడ్డీ ఉంది. కెటిల్ లేదు, యూరప్ హోటళ్లలో దాని మీద ఆశ పెట్టుకోకూడదు. మేము చిన్న కెటిల్ తీసుకెళ్లాం కాబట్టి ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకులు, అమ్మ గోరువెచ్చని నీళ్లు అన్నీ దాంతోనే నడిచాయి. రైస్ కుక్కర్ మాత్రం రూములో పెట్టకండి, ఆవిరికి పొగ అలారం మోగితే పరువు పోతుంది. మగ్గు సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, ప్లాస్టిక్‌ది ఒకటి పెట్టెలో పడేసుకోండి.

నీళ్ల సీసాలు కొనకండి. మొదటి హోటల్లో బల్ల మీద పెట్టిన అరలీటరు సీసా అయిదు యూరోలు. ఆ పక్కనే కుళాయిలో వచ్చేది ఆల్ప్స్ పర్వతాల ఊట నీరు. 1873 నుంచి గొట్టాల్లో ఊళ్లోకి తెస్తున్నారు. కుళాయి నీళ్లు తాగడానికి అమ్మ ఒక పూట సంకోచించి, తర్వాత “మన బోరు నీళ్ల కంటే తియ్యగా ఉన్నాయి” అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

బ్రేక్‌ఫాస్ట్ మనిషికి 17 యూరోలన్నారు. శాకాహారికి అందులో మిగిలేది రొట్టె, చీజు, పండ్లు. వద్దన్నాం. వియన్నాలో ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, సూపర్ మార్కెట్లతో సహా. ఈ స్టేషన్ లోపలి సూపర్ మార్కెట్ మాత్రం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. అక్కడి నుంచి పెరుగు, అరటిపళ్లు, రొట్టె తెచ్చుకుంటే ముగ్గురికీ పది యూరోలు. ఓ సాయంత్రం యూనివర్సిటీ దగ్గరి వీనర్ దీవాన్‌కి వెళ్లాం. పాకిస్తానీ బఫే, తిన్నాక మనకి తోచినంత ఇవ్వడమే. పప్పు, కూరగాయల కూర అమ్మకి సరిపోయాయి. ఎంత ఇవ్వాలో తేల్చుకోలేక నేనూ మా ఆవిడా అయిదు నిమిషాలు గుసగుసలాడుకున్నాం.

ఊరు తిరగడానికి 72 గంటల పాస్ మనిషికి 17 యూరోల 10 సెంట్లు పడింది. స్టేషన్ దగ్గరే ‘డి’ నంబరు ట్రాము ఎక్కితే బెల్వెడేర్ ప్యాలెస్ ముందునుంచి వెళ్లి, ఒపేరా, పార్లమెంటు, రాట్‌హౌస్ అనే నగర పాలక భవనం అన్నీ కిటికీలోంచి చూపించేస్తుంది. అమ్మకి వియన్నా అంటే ఆ ట్రామే. బెల్వెడేర్‌లో క్లిమ్ట్ అనే చిత్రకారుడు వేసిన ‘ముద్దు’ బొమ్మ ముందు మాత్రం తల తిప్పేసుకుని బంగారు రేకు పని బాగుందంది.

చెక్ రాజధాని ప్రాగ్‌కి రైలు అదే స్టేషన్ నుంచి, నాలుగు గంటలు. ఇక మనకి అన్నీ తెలిసిపోయాయని ధీమా. పాత ఊరి రాళ్ల వీధులు వద్దని వినోహ్రాడీ అనే పేటలో రూము తీసుకున్నాను, 115 యూరోలు. అక్కడి బస పన్ను మనిషికి రాత్రికి 50 చెక్ క్రౌన్లు. మాకు మొత్తం 300, హోటల్లో విడిగా కట్టించుకున్నారు. ఏసీ, షవరు, లిఫ్టు అన్నీ చూసుకున్నాను. ‘నామ్యెస్తి మీరు’ అనే మెట్రో స్టేషన్ రెండు నిమిషాలే.

ఆ స్టేషన్ 53 మీటర్ల లోతులో ఉందని చూసుకోలేదు. ఎస్కలేటరు పొడవు 87 మీటర్లు, యూరోపియన్ యూనియన్‌లోకెల్లా పొడవైనదట. కింద నిలబడి చూస్తే పై చివర కనబడదు, పైగా మన మాల్స్‌లో వాటికంటే వేగం. అమ్మ రెండు నిమిషాల పైన కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం చదువుతూ నా చెయ్యి వదల్లేదు. ఎవరో చెక్ పెద్దాయన తన సంచీ అడ్డం తీసి దారిచ్చాడు.

తర్వాత రెండు రోజులూ మెట్రో జోలికి పోలేదు. అదే కూడలిలో 22 నంబరు ట్రాము ఆగుతుంది, నదిని దాటి కోట దాకా తీసుకెళుతుంది. హోటల్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, అంత బాగుంది. రిసెప్షన్లో పెద్దావిడ రోజూ రాత్రి అడగకుండానే అమ్మకి వేడినీళ్ల ఫ్లాస్కు పంపేది.

వచ్చే ఏడాది లిస్బన్ అంటోంది మా ఆవిడ. స్ట్రీట్ వ్యూ తెరిచి మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ ఊరిని ఏడు కొండల నగరం అంటారని అమ్మ చెవిన వేశాను.

“ఏడు కొండలకైతే అంత దూరం దేనికిరా” అంది.