అంబాసిడర్ పెట్రోల్ ముల్లు: పాత ఫ్లోటు బాగుచేయించాలా, కొత్తది వేయాలా?

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, నల్లగొండ చుట్టుపక్కల అంబాసిడర్ ఉన్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, పెట్రోల్ ముల్లు లేస్తలేదు. ఉన్న ఫ్లోటే బాగుచేయించాల్నా, కొత్తది కొనాల్నా?" ఫ్లోటంటే ట్యాంకులో పెట్రోల్ మీద తేలేది. అది బిగించి ఉండే మొత్తం భాగం యూనిట్, మీటరు ముల్లుకు లెక్క అందించేది అదే. నన్నడిగితే బాగుచేయించమనే అంటాను. కొత్తది తప్పని సందర్భాలూ ఉన్నాయి, వాటి గురించీ చెప్తాను.

ముందు తప్పు ట్యాంకులోనే ఉందని తేల్చుకోండి. బండి ఆరుబయట పెట్టి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ట్యాంకు యూనిట్ మీది వైరు ఊడదీయండి. ఇప్పుడు ఆన్ చేసి ముల్లు ఎక్కడుందో చూడండి. మళ్లీ ఆఫ్ చేసి, ఆ వైరును బండి బాడీకి బిగించి (ఎర్త్ చేయడమంటే ఇదే), ఇంకోసారి ఆన్ చేయండి. ఆన్‌లో ఉండగా వైరు తాకించొద్దు, పెట్రోల్ ఆవిరి దగ్గర నిప్పురవ్వ లేస్తే ఏమవుతుందో తెలిసిందే. వోల్టేజ్ స్టెబిలైజర్ ఉన్న మీటరైతే ఎర్త్ చేసినప్పుడు ముల్లు మెల్లగా ఫుల్లుకు పోతుంది, తీస్తే ఖాళీకి దిగుతుంది. బాగా పాత కాయిల్ మీటర్లలో దీనికి తలకిందులు. ఏదైనా సరే, ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు కదిలితే మీటరు, వైరు బాగున్నట్టే. పరీక్ష అయ్యాక వైరు అలాగే ఎర్త్‌లో వదిలేయకండి.

పెట్రోల్ ముల్లుతో పాటు టెంపరేచర్ ముల్లూ తప్పు చూపిస్తుంటే ట్యాంకు జోలికే పోవద్దు, స్టెబిలైజర్ చూడాలి. అది 12 వోల్టులను సగటున 10కి తగ్గించి రెండు మీటర్లకూ ఇస్తుంది. ఇంకొకటి, యూనిట్ బాడీ నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక వైరు వేసి చూడండి. తుప్పు పట్టి ఎర్త్ అందకపోతే మంచి యూనిట్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. ఈ చిన్న వైరు ముక్క వేయక నిక్షేపంలాంటి యూనిట్లు పారేసినవాళ్లు చాలామంది.

తప్పు ట్యాంకులోనే అని తేలాక అసలు లెక్క మొదలవుతుంది. చాలామంది ధర చూస్తారు, ట్యాంకు దింపే కూలీ చూస్తారు. నా దృష్టిలో చూడాల్సింది ఓమ్స్, అంటే యూనిట్ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందనే కొలత.

అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా తయారైంది. ఇన్నేళ్లలో మీటర్లు మారాయి, వాటికి తగ్గట్టు యూనిట్లూ మారాయి. దుకాణంలో అట్టపెట్టె మీద మాత్రం "అంబాసిడర్" అని ఒక్క మాటే ఉంటుంది. అన్ని బండ్లకూ సరిపోతాయని అమ్మేవాటిలో కొన్ని ట్యాంకు ఖాళీగా ఉంటే 240, నిండితే 33 ఓమ్స్ చూపిస్తాయి. ఇంకొన్ని ఖాళీకి 10, ఫుల్లుకు 180. అంటే ఒకదానికి ఇంకొకటి పూర్తిగా తిరగబడ్డ లెక్క. ఇలా తిరగబడితే నయం, మొదటిరోజే దొరికిపోతుంది. కొద్ది తేడా ఉన్నదే గోల. ముల్లు చక్కగా లేస్తుంది, చక్కగా దిగుతుంది, పావు ట్యాంకు ఉందని చూపిస్తూనే బండి ఆగిపోతుంది.

అసలు లేవని ముల్లైతే ఎవరూ నమ్మరు, కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటారు. అబద్ధం చెప్పే ముల్లును నమ్మి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం బయల్దేరారనుకోండి. మన్ననూర్ దాటాక అంతా నల్లమల. రాత్రి 9 తర్వాత చెక్‌పోస్టు దగ్గర గేటు వేస్తారు, వెనక నుంచి ఆదుకోవడానికి వచ్చే బండి కూడా ఉండదు.

పాత యూనిట్ ఎంత అరిగినా మీ మీటరుకు పుట్టిన జోడీ అదే. లోపల సన్నటి వైరు చుట్టిన పట్టీ, దాని మీద జారే చిన్న నాలుక ఉంటాయి. మన దగ్గర బంకుకు పోతే "ఐదువందలది పొయ్యి" అనడమే అలవాటు కాబట్టి ఫ్లోటు ఎప్పుడూ అడుగునే ఊగుతుంది, పట్టీ కూడా అక్కడే అరుగుతుంది. చిలుము తుడిచి, నాలుకను కాస్త వంచి ఒత్తిడి పెంచితే చాలావరకు పనిచేస్తుంది. ఇత్తడి ఫ్లోటైతే చెవి దగ్గర పెట్టి ఊపండి, గలగలమంటే లోపలికి పెట్రోల్ పోయింది. వేడినీళ్లలో ముంచితే బొట్టుబొట్టుగా బుడగలు వచ్చే చోటే చిల్లు. లోపల పూర్తిగా ఆరకముందు మాత్రం ఎవరినీ టంకం పెట్టనివ్వకండి. బెరడు (కార్క్) ఫ్లోటు అయితే దాని మీది లక్క పూతను ఎథనాల్ కరిగిస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్, కాబట్టి ఫ్లోటు ఒక్కటి మార్చేయండి. యూనిట్ కింది వాషర్ కూడా కొత్తదే వేయండి.

పట్టీ మీది వైరు తెగినా, మూత దగ్గర తుప్పు తిని చెమ్మ కారుతున్నా కొత్తదే. పాతది పారేయకముందు దాని చేయి కిందికి, పైకి పెట్టి మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలిచి రెండు అంకెలూ రాసుకోండి. వైరు తెగిపోయి అంకె రాకపోతే అదే మోడల్ ఉన్న ఇంకో బండిలో కొలవండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయినా, ఇక్కడే క్లాక్ టవర్ దగ్గర అడిగినా, మల్టీమీటర్ జేబులో పెట్టుకుని పోండి. కొలవనివ్వని షాపులో కొనొద్దు. బిగించాక ఖాళీ ట్యాంకులో ఐదేసి లీటర్లు పోస్తూ ముల్లు ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. కొద్ది తేడా ఉంటే ఫ్లోటు చేయిని వంచి సర్దొచ్చు.

స్క్రాప్ బండి నుంచి తీసిన యూనిట్‌కూ ఇదే పరీక్ష. కర్ర ముంచి చూసుకోవడం ఊళ్లో తిరగడానికి సరిపోతుంది. ఇక డిజిటల్ మీటరంటారా, దాని యూనిట్ దానితోనే వస్తుంది కాబట్టి ఓమ్స్ తంటా ఉండదు. దానికోసం పాత మీటర్ బోర్డు కోయమని మాత్రం నేను చెప్పను.