స్కూబా డైవింగ్: ఒంటరిగానా, తోడుతోనా?

స్కూబా డైవింగ్ నేర్పేవారు మొదటి నుంచీ జతగానే నీటిలోకి దిగమంటారు. అయితే ఎస్‌డీఐ అనే శిక్షణ సంస్థ 21 ఏళ్లు నిండి, 100 డైవ్‌లు పూర్తి చేసినవారికి ఒంటరి డైవింగ్‌లోనూ శిక్షణ ఇస్తుంది. అందుచేత ఏది మేలో నిదానంగా తూచి చూడవలసిందే.

ముందుగా గాలి సంగతి. 30 మీటర్ల లోతున ఒత్తిడి ఉపరితలం మీది కంటే నాలుగు రెట్లు ఉంటుంది కనుక గాలి కూడా నాలుగు రెట్లు ఖర్చవుతుంది. అక్కడ గాలి అందకపోతే, నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడు నిమిషాలకు పైగా, దారిలో ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా బయటకు పోయేందుకు 5 మీటర్ల దగ్గర ఆగడానికి మరో మూడు నిమిషాలు పడుతుంది. తోడున్నవారు అవతలి వ్యక్తి అదనపు రెగ్యులేటర్‌ను, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరాన్ని, అందుకుంటారు. ఒంటరిగా దిగినవారి దగ్గర 200 బార్ (ఉపరితలం మీది ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడితో నింపిన 3 లీటర్ల చిన్న సిలిండర్, దానికి విడి రెగ్యులేటర్ ఉంటే, కంగారులో నిమిషానికి 30 లీటర్ల లెక్కన పీల్చినా, అందులోని 600 లీటర్ల గాలితో పైకి చేరవచ్చు. ఈ ఒక్క విషయంలో నా మొగ్గు సొంత సిలిండర్ వైపే. అది ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

మిగతా ప్రమాదాలకు ఈ లెక్క వర్తించదు. తెగిపోయిన చేపల వల వీపు వెనుక సిలిండర్ మెడకు చుట్టుకుంటే, ఎంత పదునైన కత్తి ఉన్నా చేయి అక్కడికి చేరడం కష్టం. లోతున ఒత్తిడి వల్ల, పీల్చే గాలిలోని నైట్రోజన్ మత్తు కమ్మినవారికి తమ ఆలోచన మందగించిన సంగతే తెలియదు. దానిని ఎదుటివారి కళ్లే పసిగట్టాలి. గుండె పట్టేసి స్పృహ తప్పితే, నోటి నుంచి జారిన రెగ్యులేటర్‌ను పట్టి ఉంచి పైకి తీసుకువెళ్లేందుకు ఇంకొక మనిషి తప్ప ఏ పరికరమూ పనికిరాదు.

అందువల్ల తోడుతో దిగడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను, ఆ తోడు రెండు మూడు ఈత ఊపుల దూరం దాటకపోతేనే. పడవ మీద అప్పుడే పరిచయమై, నీళ్లలో ఎవరి దారిన వారు పోయే జత అన్నిటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే తోడుందన్న ధీమాతో అదనపు సిలిండర్ కూడా తీసుకువెళ్లరు. అటువంటి జత కుదిరిన రోజున, దిగే ముందే ఒకరి పరికరాలను ఒకరు పరీక్షించి, సైగలు సరిచూసుకుని, కనిపించకపోతే ఒక్క నిమిషం వెతికి పైకి రావాలని మాట అనుకోవాలి. అందుకు అవతలివారు ఒప్పుకోకపోతే, ఆ డైవ్ మానుకోవాలి.