టీ అంటే తాగేది కాదు: పైప్‌లైన్ సైట్‌లో ఏఐ యాప్‌తో రెండేళ్లు

యాప్ పేరు రాయను. మార్కెట్లో ఇలాంటివి ఐదారు ఉన్నాయి, చూడటానికి అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. మా కాంట్రాక్టర్ 2023 ఆగస్టులో కొన్నదాన్ని 2025 చివరిదాకా రోజూ వాడాను. పాకాల, చంద్రగిరి వైపు పల్లెల్లో మావి తాగునీటి పనులు. తిరుపతి టౌనుకు కల్యాణి డ్యామ్ ఉంది, తెలుగుగంగ ఉంది. ఈ పల్లెలకు బోరే దిక్కు. బోరు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఒక లైను, ట్యాంకు నుంచి వీధులకు లైన్లు, ఇంటింటికీ కుళాయి. జల్ జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకు 55 లీటర్లు. నేను సైట్ ఇంజనీరును. అంటే పొద్దున ఆరింటికి జేసీబీ డ్రైవర్‌ని నిద్ర లేపేదీ నేనే, రాత్రి పదింటికి రిపోర్టు పంపేదీ నేనే.

పని ఇలా నడుస్తుంది. కందకం తవ్వాక ఒక ఫొటో, ఇసుక పరిచాక ఒకటి, పైపు దించి జాయింటు వేశాక ఒకటి, మట్టి కప్పేముందు ఒకటి తీయాలి. టైమూ జీపీఎస్సూ వాటంతటవే ఎక్కుతాయి. ఏఐ ఆ ఫొటో చూసి పైపు సైజు, ఎన్ని పైపులు పడ్డాయి, జాయింటు కూర్చుందా లేదా, కందకం లోతెంత అన్నీ చెబుతుంది. సాయంత్రం నేను తెలుగులో వాయిస్ పెడితే ఇంగ్లిష్‌లో రోజువారీ రిపోర్టు రాసి ఇస్తుంది. ఇవి కాక ఒక చాట్ బాక్సు. ఐఎస్ కోడ్‌ల మీద, అంటే కట్టడాలకూ పైపులకూ ఉన్న భారతీయ ప్రమాణాల మీద, ఏం అడిగినా జవాబు ఇస్తుంది. ఏం అడిగినా ఇవ్వడమే దాని జబ్బు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు మంచి చెప్పాలి. డీఐ పైపులు, అంటే డక్టైల్ ఐరన్ అనే ఇనుప పైపులు, మాకు కొత్త కాదు, శ్రీకాళహస్తి దగ్గర రాచగున్నేరిలోనే ఫ్యాక్టరీ ఉంది. ఈ పైపుకు ఒక కొస వెడల్పుగా ఉంటుంది, అది సాకెట్. రెండో కొస స్పిగాట్. సాకెట్ లోపలి గాడిలో రబ్బరు రింగు కూర్చోబెట్టి, జారడానికి లూబ్రికెంట్ పూసి, స్పిగాట్‌ను లోపలికి నెడతారు. ఎంత లోపలికి పోవాలో తెలియడానికి స్పిగాట్ మీద తెల్లగీత ఉంటుంది. 2024 మే నెలలో ఒక మధ్యాహ్నం ఫొటో పెట్టగానే యాప్ ఎర్రగుర్తు వేసింది: గీత బయటే కనిపిస్తోంది, జాయింటు పూర్తిగా పడలేదు అని. నేను జూమ్ చేసి చూశాను. నిజమే, గీత సాకెట్ అంచుకు మూడు వేళ్ల దూరంలో ఉంది. అంతకు పది నిమిషాల ముందు ఆ జాయింటు పక్కనే నిలబడి మజ్జిగ తాగినవాణ్ణి నేను!

మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఎట్లాగూ టెస్ట్ ఉంటాది కదా సార్, అప్పుడు చూద్దాం" అన్నాడు. నేను వినలేదు, పైపు వెనక్కి లాగించాను. రబ్బరు రింగు ఒకవైపు మడతపడి గాడిలోంచి బయటికి వచ్చి ఉంది. హైడ్రో టెస్ట్‌లో, అంటే నీటి ఒత్తిడి పరీక్షలో, అది ఎలాగూ బయటపడేదే. కానీ టెస్ట్ ఒక్కో జాయింటుకు చేయం. అర కిలోమీటరు లైను వేసి, నీళ్లు నింపి, గాలి పోనిచ్చి, మామూలుగా పనిచేసే ప్రెజర్‌కు 1.5 రెట్లు ఎక్కించి చూస్తాం. ప్రెజర్ మీటరు ముల్లు కిందికి దిగితే తొంభై జాయింట్లలో దొంగ ఎవరో వెతకాలి. అన్ని రోజులూ వీధి తవ్వేసి ఉంటుంది, ఊరు ఊరంతా తిడుతూ ఉంటుంది. ఆ ఒక్క ఎర్రగుర్తుతో నాకు మూడు రోజుల తిట్లు తప్పాయి.

వాయిస్ రిపోర్టు మాత్రం మొదటి ఆరు నెలలు నా పరువు తీసింది. ఒకరోజు "గుడి వీధిలో రెండు టీలు, ఒక బెండు, ఒక ఎండ్ క్యాప్ పడ్డాయి" అని చెప్పాను. ఇక్కడ టీ అంటే లైను చీలేచోట వేసే, ఇంగ్లిష్ T అక్షరంలాంటి పైపు ముక్క. రిపోర్టులో పనివాళ్లకు రెండు టీలు ఇచ్చినట్టు వచ్చింది. చదవకుండా పంపేశాను. ఆఫీసులో కొన్నాళ్లు నా పేరు టీ ఇంజనీరు. దానికి నవ్వుకున్నాం. రెండోసారి జరిగినదానికి నవ్వు రాలేదు. మా వైపు వంక అంటే వాగు. "లైను వంక దాటించాం" అన్నాను, వంకలో పైపు కింద కాంక్రీటు బెడ్ కూడా వేసి. యాప్ దాన్ని లైను వంకరగా పోయిందని రాసింది. పొద్దున్నే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి ఫోన్: "ఏమయ్యా, అలైన్‌మెంట్ తప్పిందని నువ్వే రాసి పంపితే నేను బిల్లు ఎట్లా రాసేది?"

కంపెనీవాళ్లకు చెబితే సైట్ మాటల పట్టిక ఒకటి పెట్టించారు. వంక, గెనిమ, మొరవ, తూము, టీ, కాలర్... నూటికి పైగా మాటలు కూర్చుని ఎక్కించాను. ఇప్పుడు తొంభై పాళ్లు సరిగ్గానే రాస్తుంది. చిక్కల్లా ఒకటే, ఇప్పుడు నిజంగా టీ ఖర్చు రాయాలంటే తేనీరు అనాల్సి వస్తోంది.

ఈ యాప్‌కు డబ్బు పెట్టడం దండగ కాదని నాకు నమ్మకం కుదిరింది మాత్రం ఒక పని పూర్తి చేసి అప్పగించిన ఏడాదికి. ఒక ఊళ్లో పైవీధికి నీళ్లు ఎక్కడం లేదని కబురు వచ్చింది. వెళ్లేసరికి ఒక ముసలామె కుళాయి తిప్పి చూపించింది. "నీళ్లు రాలేదు నాయనా, గాలి ఊదతా ఉండాది" అంది. ఎక్కడో స్లూయిస్ వాల్వ్ (లైన్లో నీళ్లు ఆపే, వదిలే తలుపు) సగం మూసి ఉంది, అంతవరకు అర్థమైంది. వాల్వ్ ఎక్కడ? ఈ మధ్యే వేసిన సిమెంటు రోడ్డు కింద. ఛాంబర్ మూత మీదే కాంక్రీటు పోసేశారు. మా డ్రాయింగ్‌లో దాని దూరం మీటర్లతో సహా ఉంది కానీ, కొలత మొదలైన పాత పంపు గది ఇప్పుడు లేదు. జీపీఎస్ చూస్తే ఫోన్లో అయిదారు మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆ వీధిలో అంత దూరమంటే రెండిళ్లు.

అరుగు మీద కూర్చుని యాప్‌లో తెలుగులోనే టైపు చేశాను: పైవీధి, వాల్వ్, నీలం గోడ. ఏడు ఫొటోలు తెచ్చింది. నాలుగో దాంట్లో వాల్వ్ ఉంది, వెనక నీలం గోడ, ఒక వేపచెట్టు, ఇంటి ముందు రాతి మెట్టు. ఇప్పుడు ఆ వీధిలో నీలం గోడ లేదు, గులాబీ రంగు వేసేశారు. చెట్టు కొట్టేశారు. మెట్టు మాత్రం అట్లాగే ఉంది, మూలన చిన్న పెచ్చు ఊడి. ఫొటోలో వాల్వ్‌కు ఇవతల ఒక పైపు ఈ కొస నుంచి ఆ కొసదాకా పడింది. మేం తెప్పించిన పైపు పొడవు 5.5 మీటర్లు. దాన్నే కొలబద్ద చేసుకుని మెట్టు నుంచి టేపు పట్టి, సుద్దతో గుర్తు పెట్టి, రెండడుగుల చదరం మాత్రం బ్రేకర్‌తో పగలగొట్టించాం. మూత అంచు తగిలింది. వాల్వ్ పూర్తిగా తిప్పాక ముసలామె కుళాయి దగ్గి, ఎర్రనీళ్లు కక్కి, తర్వాత తేటపడింది. నాకు ఆ పూట అక్కడే భోజనం.

ఆ ఏడు ఫొటోలు నా సొంత ఫోన్ గ్యాలరీలో ఉంటే ఏడాది తర్వాత దొరికేవా? మా చెల్లి పెళ్లి ఫొటోలే దొరకడం లేదు.

ఇక చెడు. కందకం లోతు యాప్ ఎట్లా చెబుతుందంటే, ఫొటోలో నిలబెట్టిన స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) మీది అంకెలు చదివి. పైపు మీద మీటరు మట్టి ఉండాలని మా అగ్రిమెంటు. మా నేలలో రెండడుగులు ఎర్రమట్టి, ఆ కింద మొరం, దాని కింద గుండురాయి. తవ్వడం చేతకాక, కూలి గిట్టక, మా గ్యాంగులో ఒకరు కొత్త ఉపాయం కనిపెట్టారు. ఇరవై మీటర్లకు ఒకచోట, ఫొటో తీసే తావులో మాత్రం అడుగు లోతు ఎక్కువ తవ్వి స్టాఫ్ అందులో పెట్టేవాళ్లు. గ్యాంగులో దానికి పేరు కూడా ఉంది, ఫొటో గుంత. యాప్ రెండు వారాలు పచ్చగుర్తులు వేస్తూ పోయింది. నేను కూడా పచ్చగుర్తులు చూసి వేరే సైట్‌కు పోతూ వచ్చాను. ఏఈ గారు వచ్చి, ఫొటో తీయని చోట గడ్డపారతో నాలుగు పోట్లు పొడిపించారు. రెండడుగులకే టంగుమంది. ఎనభై మీటర్లు మళ్లీ తవ్వి దించాం. ఖర్చు మాదే. ఇందులో యాప్ తప్పు సగమే అంటాను. అది చూపించింది చూసింది. చూడాల్సినవాణ్ణి నేను ఇంటికి పోయాను.

చాట్ బాక్సుకు మాత్రం ఆ సగం మినహాయింపు కూడా ఇవ్వను. ట్యాంకు కట్టాక నీటి పరీక్ష చేయాలి. ఎట్లా అని అడిగితే ఐఎస్ 3370 పేరు చెప్పి, నీళ్లు నింపి 7 రోజులు వదిలి, తర్వాతి 7 రోజుల్లో మట్టం 40 మిల్లీమీటర్లకు మించి తగ్గకూడదని జవాబు ఇచ్చింది. కోడ్ నంబరు సరైనదే, అంకెలూ అందులోవే. మాకు తగ్గింది 22 మిల్లీమీటర్లే. పాసైనట్టేనని సంబరపడ్డాను. కింది బీమ్ పక్కన అన్నం పళ్లెమంత చెమ్మ మచ్చ ఉన్నా దాన్ని పట్టించుకోలేదు. ఏఈ గారు మెడ ఎత్తి ఆ మచ్చనే చూశారు. "మట్టం ఎంత తగ్గిందని నేను అడిగినానా? ఆ చెమ్మ ఏందని అడుగుతా ఉండాను" అన్నారు. 40 మిల్లీమీటర్ల లెక్క భూమిలో ఉండి, బయటి గోడలు కంటికి కనపడని ట్యాంకులకు. గాలిలో నిలబడిన ట్యాంకుకు బయటి ముఖం పొడిగా ఉండాలి, ఎక్కడా ఊట కనపడకూడదు. అదే కోడ్‌లో పక్కపక్కనే ఉన్న రెండు మాటలు. చాట్ బాక్సు ఒకటి చెప్పి రెండోది మింగేసింది, అదీ ఏ తడబాటూ లేకుండా. ట్యాంకు ఖాళీ చేసి, ఊట మూయడానికి గ్రౌటు (పలచటి సిమెంటు పాలు) ఎక్కించి, బోరు చాలక ట్యాంకర్లతో మళ్లీ నింపి, ఇంకో రెండు వారాలు కాపలా కాశాం. అప్పటి నుంచి కోడ్ ప్రింటు తీసి బండి డిక్కీలో పెట్టుకున్నాను.

వర్షం అలర్టులు కూడా వస్తాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను ముందు కాంక్రీటు వాయిదా వేసుకోమంది. అది వాతావరణ శాఖ ఊరందరికీ చెప్పిన మాటే. తెరిచి ఉన్న కందకం గురించి మాత్రం ఒక్క మాట చెప్పలేదు. అందులో హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు పరిచి, మట్టి పోకుండా రెండు కొసలకూ మూతలు బిగించి ఉన్నాం. మేస్త్రీ చూసి, "సార్, కందకం నిండితే ఇది పామైపోయి తేలతాది, నడుమ నడుమ మట్టి వేసి నొక్కేద్దాం" అన్నాడు. రాత్రి పదకొండుదాకా జేసీబీ లైట్లో మట్టి వేశాం. వేయడానికి టైము చాలని చివరి ముప్పై మీటర్లు తెల్లారేసరికి నిజంగానే తేలి గట్టుకు ఆనుకుని ఉన్నాయి.

చిన్నాచితకా ఇంకా ఉన్నాయి. సాయంత్రపు ఎండలో పైపు నీడను కూడా పైపుగా లెక్కపెడుతుంది. ఎర్రదుమ్ము పట్టిన 100 మిల్లీమీటర్ల సైజు పైపును 150 అంటుంది. రాయి రంగు చూసి గట్టిరాయి, మెత్తరాయి అని తేలుస్తుంది, ఆ మాట నమ్మి బిల్లు పెడితే ఆఫీసులో నవ్వుతారు. కొండ పక్క పల్లెల్లో సిగ్నల్ ఉండదు, ఫొటోలు ఫోన్లోనే ఆగి రాత్రి తిరుపతి వచ్చాక ఎక్కుతాయి. ఎక్కేదాకా యాప్ మూయకూడదు, మూస్తే ఒక్కోసారి పోతాయి. ఇది రెండేళ్లుగా చెబుతున్నా బాగు చేయలేదు.

రెన్యువల్‌కు వచ్చిన సేల్స్ అబ్బాయి కొత్త ప్యాకేజీ ఒకటి చూపించాడు, చెరువు కట్టల్లో ఊటను ఏఐ ముందే పట్టేస్తుందట. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరి, చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేసిన రోజులు ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. ఆ మాట ఎత్తితే కొంటామని ఎవరో చెప్పి పంపినట్టున్నారు. "కట్టలో సెన్సార్లు ఎవరు పెడతారు బాబూ?" అని అడిగాను. అది వేరే టెండర్ అన్నాడు.

ఒకేసారి రెండు మూడు ఊళ్లలో పని నడిపేవాళ్లు దీన్ని కొనొచ్చు. ఒకటే సైట్, రోజూ అక్కడే నిలబడతాం అనేవాళ్లకు ఫొటోలు పేర్లు పెట్టి దాచుకుంటే చాలు. మా కాంట్రాక్టర్ అడిగితే ఫొటోల భాగం, వాయిస్ భాగం ఉంచి, చాట్ బాక్సు తీసేసి ధర తగ్గించమని అడగమన్నాను. అన్నీ కలిపే అమ్ముతారట, విడిగా ఇవ్వరట. సరే, మూడూ ఉన్నాయి. చాట్ బాక్సు గుర్తును మాత్రం ఫోన్లో చివరి పేజీకి, మా వాడు ఆడుకునే గేముల పక్కకు జరిపేశాను.