డబ్బు అడగని ఫోన్లు: ఫండ్‌రైజింగ్ కన్సల్టెంట్లతో మూడేళ్ళు

విరాళాల సేకరణ, నాయకత్వం విషయాల్లో సలహా కోసం మా సంస్థ పెట్టుకున్న కన్సల్టెంట్లతో ఒప్పందం ఈమధ్యే ముగిసింది. మొత్తం మూడేళ్ళు. వాళ్ళిచ్చిన ప్లాన్లు, చార్టులు, వర్క్‌షాపుల గురించి రాయను. ఎవరిని పెట్టుకున్నా అవి ఎలాగూ వస్తాయి. నేను రాయాలనుకున్నది ఒక సాయంత్రం గురించి. ఆ రోజు మా బోర్డు సభ్యులు దాతలకు ఫోన్లు చేశారు. డబ్బు మాట ఎత్తలేదు, థాంక్స్ చెప్పి పెట్టేశారు. మేం కట్టిన ఫీజంతా ఆ ఒక్క సాయంత్రానికే సరిపోయిందని అనిపించిన రోజులున్నాయి.

చూపు లేని పిల్లలకు పాఠ్యపుస్తకాలు చదివి, రికార్డు చేసి ఇవ్వడం మా పని. జీతం తీసుకునేవాళ్ళం ఏడుగురం, మిగతా అందరూ వాలంటీర్లే. బడ్జెట్‌లో సగానికి పైగా ఒకే గ్రాంటు నుంచి వచ్చేది. వచ్చే ఏడాది నుంచి అది ఉండదని ఉత్తరం వచ్చింది. బోర్డు మీటింగులో చదివి వినిపిస్తే కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత అందరిదీ ఒకటే మాట, "మాకు అడగడం రాదండీ." మా బోర్డు సభ్యులు పిల్లల కోసం గంటలకొద్దీ మైకు ముందు కూర్చుని గొంతు పోయేదాకా చదవగలరు. తెలిసినవాళ్ళను విరాళం అడగమంటే మాత్రం తల వంచుకుంటారు. ఆ భయం నాకూ ఉంది కాబట్టి వాళ్ళను తప్పుపట్టలేకపోయాను.

అలా కన్సల్టెంట్లను పిలిచాం. ఫీజు దగ్గరే మొదటి పేచీ. "మీరు తెచ్చినదాంట్లో ఇంత శాతం తీసుకోండి, మాకు టెన్షన్ ఉండదు" అన్నాను. కన్సల్టెంట్ ఒప్పుకోలేదు. అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నీతి నియమావళి ప్రకారం విరాళాల్లో శాతం తీసుకోవడం తప్పని చెప్పారు. అది ఈ వృత్తిలో ఉన్నవాళ్ళ సంఘం, వాళ్ళ నియమావళి 1964 నుంచీ ఉంది. నాకు మాత్రం అది తప్పించుకునే మాటలా వినిపించింది, ఫలితం రాకపోయినా ఫీజు వసూలు చేసుకునే దారి అనుకున్నాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు: "శాతం తీసుకుంటే ఈ నెలలోనే ఇవ్వమని దాత మెడ మీద కూర్చోవాలి. ఆయన రెండేళ్ళ తర్వాత ఇంకా పెద్దది ఇచ్చేవాడే అయినా నేను ఆగలేను. పైగా తన డబ్బులో కొంత నా జేబులోకి పోయిందని తెలిస్తే ఆయన మళ్ళీ మీ గుమ్మం తొక్కడు." చివరికి పనికింత అని ఫీజు కుదిరింది. ఇప్పుడు ఎవరైనా శాతం లెక్కన పనిచేస్తామని వస్తే నేను రెండో మాట వినను.

మొదటి నెల ఆవిడ సలహా అనేదే ఇవ్వలేదు. బోర్డులో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. మా దాతల లిస్టు ముందేసుకుని కూర్చున్నారు. నెలాఖరుకి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. పోయినేడాది ఇచ్చి ఈ ఏడాది ఇవ్వనివాళ్ళ పేర్లు అందులో ఉన్నాయి. ఫండ్‌రైజింగ్ పని చేసేవాళ్ళు వీళ్ళని 'లైబంట్' అంటారట. పోయినేడాది మాకు ఇచ్చినవాళ్ళలో పదికి ఆరుగురు ఆ లిస్టులో తేలారు. మేమేమో ఏడాదంతా కొత్త దాతల కోసం తిరుగుతున్నాం.

"విరాళం అందాక వీళ్ళకి ఏం పంపారు?"

"రశీదు పంపాం."

"రశీదు తర్వాత?"

రశీదు తర్వాత పంపింది మరుసటి ఏడాది విరాళం కోరుతూ రాసే ఉత్తరమే. మధ్యలో ఏమీ లేదు. ఆ మాట నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. చాలా సిగ్గనిపించింది.

ఆ తర్వాతి వారమే ఫోన్ల సాయంత్రం. ఆఫీసులో పొడవాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది బోర్డు సభ్యులు, ఒక్కొక్కరి ముందు, ఆగిపోయిన దాతలూ ఇంకా ఇస్తున్నవాళ్ళూ కలిసిన పది పేర్ల కాగితం. నియమాలు నాలుగే: మీరెవరో చెప్పండి, థాంక్స్ చెప్పండి, మొదటిసారి ఎందుకు ఇవ్వాలనిపించిందో అడగండి, తర్వాత వినండి. వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప విరాళం ఊసు తేవద్దు.

మా కోశాధికారి మాస్టారు అందరికంటే వెనకబడ్డారు. కాగితాన్ని బల్ల అంచుకి సరిగ్గా జరుపుతూ, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. ఆయన ముఖంలో హమ్మయ్య అన్నది స్పష్టంగా కనిపించింది. రెండో నంబరు ఎత్తారు. "నమస్కారం అమ్మా, నేను ఆడియో పుస్తకాల సంస్థ కోశాధికారిని. మీరు పంపిన విరాళానికి థాంక్స్ చెబుదామని చేశాను." అవతల ఏమన్నారో గానీ, ఈయన "లేదమ్మా, ఇంకేం లేదు, అందుకే చేశాను" అన్నారు. కాస్త ఆగి మళ్ళీ అదే మాట. మొదటిసారి అన్నప్పుడు ఆవిడ నమ్మలేదట. తర్వాత మాస్టారు మాట్లాడటం మానేశారు. పెన్ను తీసి కాగితం అంచున ఏదో రాస్తూ పది నిమిషాలకు పైగా వింటూనే ఉన్నారు.

ఫోన్ పెట్టాక ఆయన కళ్ళజోడు తీసేశారు. ఆవిడ తమ్ముడికి చిన్నప్పుడే చూపు పోయిందట. ఇంట్లో అక్కచెల్లెళ్ళు ముగ్గురూ రాత్రిళ్ళు వంతులేసుకుని అతనికి పాఠాలు చదివి వినిపించేవారట. ఏటా అతని పుట్టినరోజుకి మాకు డబ్బు పంపుతున్నారు, ఆరేళ్ళుగా. మా రికార్డులో ఆవిడ గురించి ఉన్నది ఇచ్చిన సొమ్ము, తేదీ, రశీదు నంబరు. అంతే. మాస్టారు అంచున రాసింది ఒక్క వాక్యం: "తమ్ముడికి చదివి వినిపించేవారు." ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

మరుసటి నెల మీటింగు అయిపోయాక మాస్టారు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఇంకో పది పేర్లు ఉంటే ఇవ్వమ్మా" అన్నారు. డబ్బు సంగతి ఎత్తితే నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళే మనిషి ఆయన. రెండో ఏడాది తన పాత స్నేహితుడి దగ్గరికి స్వయంగా వెళ్ళి, రికార్డింగ్ గదికి కావలసిన మొత్తం అడిగారు. నేను పక్కనే ఉన్నాను. గొంతు కాస్త వణికింది గానీ అంకె చెప్పి ఆగారు, జవాబు వచ్చేదాకా ఇంకో మాట కలపలేదు. అలా ఆగడం కూడా ఆ కన్సల్టెంట్ నేర్పిందే. మనిషి మారడం అంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు.

మొదటి ఏడాది చివర్లో, ఎవరడిగినా "కన్సల్టెంట్‌ను కళ్ళు మూసుకుని పెట్టుకోండి" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంత సవరించుకోవాలి.

ఆగిపోయిన దాతల్లో కొందరు తిరిగొచ్చారు, నిజమే. కానీ అదే ఏడాది పిల్లల గొంతులతో చిన్న రికార్డింగులు పంపడం, మూడు నెలలకోసారి ఉత్తరం రాయడం కూడా మొదలుపెట్టాం. అందులో ఫోన్ల వాటా ఎంతో నేను చెప్పలేను. ఆ తర్వాత ఒక అధ్యయనం కంటపడింది. ఆన్యా సామెక్, చక్ లాంగ్‌ఫీల్డ్ అనే ఇద్దరు ఆరేళ్ళ కాలంలో 5 లక్షలకు పైగా దాతల మీద ఇదే థాంక్స్ ఫోన్ల సంగతి పరీక్షించారు. విరాళాలు బాగా పెరుగుతాయని నిపుణులు ముందే అంచనా కట్టారు. ఫోన్ అందుకున్నవాళ్ళకీ అందుకోనివాళ్ళకీ ఇవ్వడంలో తేడా ఏమీ కనిపించలేదు. చదివి రెండు రోజులు మనసు బాగోలేదు. తర్వాత మా రికార్డు తీసి చూశాను. మాస్టారు మాట్లాడిన ఆవిడ ఇప్పటికీ ఏటా ఇస్తున్నారు, అంతకుముందు ఇచ్చినంతే. అంటే ఆ ఫోన్లు మార్చింది దాతల్ని కాదు, మా బోర్డుని. ఒప్పందంలో 'నాయకత్వ అభివృద్ధి' అని రాసున్న భాగానికి అసలు ఫలితం నాకు అక్కడే దొరికింది.

ఆ పేరుతోనే విడిగా చేసిన కోచింగ్ మాత్రం అంతంత మాత్రం. ఎక్కువ భాగం ప్రశ్నాపత్రాలు నింపడంతోనే గడిచింది. పనికొచ్చిన ప్రశ్న ఒకటుంది: "మీరు నెల్లాళ్ళు సెలవు పెడితే ఏమేం ఆగిపోతాయి?" రాస్తూ పోతే ఇరవై మూడు తేలాయి. చెక్కు మీద సంతకం దగ్గర్నుంచి రికార్డింగ్ గది తాళం దాకా. ఇప్పుడవి ఆరు.

రెండో ఏడాది మధ్యలో మా కన్సల్టెంట్‌ను, వాళ్ళ కంపెనీ వేరే పెద్ద క్లయింటుకి మార్చి, మాకు కొత్తగా చేరిన అబ్బాయిని ఇచ్చారు. మర్యాదస్తుడే, కష్టపడేవాడే. కానీ అతను రాసిన గ్రాంటు ప్రపోజల్ రెండో పేజీలో "తాగునీరు అందని కుటుంబాలకు" అని ఉంది. ఇంకెవరికో రాసినదాంట్లో మా పేరు పెట్టారన్నమాట. పంపడానికి ముందురోజు రాత్రి మా అకౌంటెంట్ చూసింది కాబట్టి సరిపోయింది. ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను, ఆ నెల ఫీజు తగ్గించారు. ఆవిడ మాత్రం మళ్ళీ మూడు నెలలకోసారే వచ్చారు. మొదటి మీటింగుకి వచ్చిన మనిషే చివరిదాకా పనిచేయాలని, ఆ పేరుతో సహా ఒప్పందంలో రాయించుకోవాల్సింది. మేం రాయించుకోలేదు.

మరి పెట్టుకోవచ్చా అంటే, మా పరిస్థితి చెబుతాను, మీదానితో పోల్చుకోండి. మా దగ్గర పాత దాతల లిస్టు ఉంది. గ్రాంటు ఆగడానికి ఏడాది వ్యవధి ఉంది. మొహమాటపడ్డా సరే, పిలిస్తే వచ్చే బోర్డు ఉంది. ఇవేవీ లేకుండా, మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బుతో ఉన్న సంస్థకి నేను పెట్టుకోమని చెప్పలేను. కన్సల్టెంట్ దగ్గర దాతల మూట ఏమీ ఉండదు. తలుపు తట్టాల్సింది మనమే. గ్రాంట్లు రాయించుకోవడమే అవసరమైతే, మీ పని తెలిసిన మనిషిని సగం రోజుకైనా జీతానికి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. పోయిన గ్రాంటు అంత మొత్తం మాకు ఇంకా పూర్తిగా పూడలేదు. మూడింట రెండు వంతులు పూడింది.

ఒప్పందం పొడిగించలేదు. ఆవిడే వస్తానంటే మాత్రం మళ్ళీ ఆలోచిస్తాను.

ఫోన్ల సాయంత్రం ఆపలేదు, ప్రతి నెలా మొదటి మంగళవారం జరుగుతూనే ఉంది. ఈసారి బోర్డులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంటుంది. నంబరు నొక్కడానికి భయంగా ఉందంటోంది. మాస్టారు తన కుర్చీ ఆమె పక్కన వేయమన్నారు.