నల్లగొండలో యానిమేషన్ థియరీ, రీసెర్చ్ వీకెండ్ కోర్సు: చేరొచ్చా?

మాయా, బ్లెండర్ లాంటి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లు మన దగ్గర కొత్త కాదు. యానిమేషన్ చదివేవాళ్లకు క్రిటికల్ థియరీ (సినిమా, బొమ్మ ఏం చెప్తోంది, ఎలా చెప్తోంది అని విశ్లేషించే సిద్ధాంతాలు), రీసెర్చ్ ఎలా చేయాలో విడిగా చెప్పే బ్యాచ్ మాత్రం నల్లగొండలో నేను చూడడం ఇదే మొదటిసారి. ఈమధ్యే పూర్తి చేశాను. ఫైనలియర్‌లో డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) రాయాల్సినవాళ్లు, డిజైన్ కాలేజీల్లో పీజీకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

రీసెర్చ్ క్లాసులు పైసా వసూల్. చదివిన ప్రతి వ్యాసానికీ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టిస్తారు, పైన రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్, ఎడమవైపు ఆ రచయిత అన్నది, కుడివైపు దాని మీద మన ఆలోచన, రెండూ కలిసిపోతే సార్ ఊరుకోరు. చిన్న పనే, కానీ డిసర్టేషన్ రాసేటప్పుడు ఏది ఎవరి మాటో వెతుక్కునే టెన్షన్ ఉండదు, కాపీ కొట్టారన్న మాటా రాదు. ఒక మంచి వ్యాసం దొరికితే దాన్ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో గూగుల్ స్కాలర్‌లో పట్టుకోవడం, మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పీహెచ్‌డీ థీసిస్‌లు ఉచితంగా చదవడం దగ్గర కూర్చొని చేయించారు. పింటరెస్ట్‌లో బొమ్మలు పోగేసి రీసెర్చ్ అయిపోయిందంటే ఒప్పుకోరు. ప్రతి బొమ్మ కిందా ఎవరు గీశారు, ఎప్పుడు, అసలుది ఎక్కడుంది అని రాయాల్సిందే.

థియరీలో నాకు బాగా పనికొచ్చింది బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975 నాటి వ్యాసం. సినిమాలో కెమెరా మగవాడి చూపుతో ఆడదాన్ని చూస్తుందని ఆమె వాదన. అది చదివాక మా బ్యాచ్‌లో ఒక అమ్మాయి తన స్టోరీబోర్డ్ (సీన్లను వరుసగా గీసుకున్న బొమ్మలు) తీసి చూసుకుంది. హీరో ఎంట్రీలో మొదటి ఫ్రేమ్‌లోనే ముఖం ఉంది, హీరోయిన్ ఎంట్రీలో పాదాల నుంచి మెల్లగా పైకి వెళ్లి నాలుగో ఫ్రేమ్‌లో గానీ ముఖం రాలేదు. అక్కడే కూర్చొని తిరిగి గీసింది. థియరీ ఎందుకూ అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే ఉదాహరణ. త్రీడీ ముఖం అచ్చం మనిషిలాగే ఉన్నా ఎందుకు ఇబ్బందిగా అనిపిస్తుందో జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే రాశారు, ఆ క్లాసు కూడా బాగా జరిగింది.

అన్నిటికంటే మంచి క్లాసు ఫణిగిరిది. పాత నల్లగొండ జిల్లాలోదే, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. అక్కడి బౌద్ధ తోరణం ఫొటో ప్రొజెక్టర్ మీద పెట్టి, అర్థం చెప్పొద్దు, కనిపించేది మాత్రమే రాయండి అన్నారు. ఎవరు ఎటు చూస్తున్నారు, ఒకే మనిషి మళ్లీ ఎక్కడైనా కనిపిస్తున్నాడా, ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి విడదీస్తున్నది చెట్టా, స్తంభమా, ఖాళీ జాగానా? ఆ తర్వాతే బౌద్ధ శిల్పంలో కథ చెప్పే పద్ధతుల మీద కళా చరిత్రకారిణి విద్యా దెహేజియా 1990లో రాసిన వ్యాసం చేతికిచ్చారు. కట్ (ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి మారడం) లేకుండా కాలం ఎలా గడిపించాలో రాతి మీద చూశాక నా స్టోరీబోర్డ్‌లో సగం కట్‌లు అక్కర్లేదనిపించింది.

ఇక లోపాలు. ఇంత మంచి క్లాసు చెప్పగలిగినవాళ్లు మిగతా ఉదాహరణలన్నీ అమెరికా, జపాన్‌ల నుంచే తేవడం నాకు నచ్చలేదు. 1957లో కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ జాతక కథతో (బుద్ధుడి పూర్వజన్మ కథ) 'ది బన్యన్ డీర్' అనే యానిమేషన్ సినిమా తీసింది, అది ఫణిగిరి క్లాసు పక్కన పెట్టి చూపించాల్సినది, పేరు చెప్పి వదిలేశారు. చదవమని ఇచ్చేవి జెరాక్స్ మీద జెరాక్స్ తీసిన ఇంగ్లిష్ కాగితాలు, కొన్నిచోట్ల అక్షరాలే కనపడవు. సార్ తెలుగులో బాగా విడమరిచి చెప్తారు, కానీ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంటికెళ్లి చదువుకోవడానికి తెలుగు నోట్స్ ఒక్క పేజీ లేదు. ఇది చిన్న విషయం కాదు, మా బ్యాచ్‌లో మానేసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. డ్రాఫ్ట్ మీద కామెంట్లు కూడా చాలా ఆలస్యంగా వస్తాయి, నావి కాలేజీలో సబ్మిట్ చేశాక వచ్చాయి. సాయంత్రం బ్యాచ్ లేటవుతుంది కాబట్టి దేవరకొండ వైపు వెళ్లేవాళ్లు బస్సు కోసం మధ్యలో లేవాల్సి వస్తుంది, వాళ్లు పొద్దుటి బ్యాచ్ తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు ఆగండి, సెకండియర్ దాటినవాళ్లు చేరండి. ఫీజు రెండు వాయిదాల్లో తీసుకుంటారు. కట్టేముందు రీసెర్చ్ క్లాసు ఒకటి కూర్చొని చూస్తామని అడగండి, రానిస్తున్నారు.