షూలెన్‌బర్గ్ చుట్టూ రంగుల చర్చిలు

అత్తయ్యది ఫిరంగిపురం దగ్గర పల్లె. హ్యూస్టన్‌లో మా ఇంటికొచ్చిన రెండు నెలల్లో ఆమె నోరు తెరిచి అడిగింది ఒక్కటే: "ఈ దేశంలో పల్లెటూరి గుడి ఎట్లుంటదో చూపించమ్మా." ఐ-10 హైవే మీద పడమటికి గంటన్నర పోతే షూలెన్‌బర్గ్ అనే టెక్సాస్ ఊరు. దాని చుట్టుపక్కల పొలాల మధ్య, చెక్, జర్మన్ రైతులు కట్టుకున్న కథోలిక చర్చిలున్నాయి. బయట నుంచి మామూలుగా ఉంటాయి. లోపలంతా రంగులే.

ముందు హై హిల్ వెళ్లాం. 1906లో కట్టిన ఎర్ర ఇటుకల మరియమాత గుడి, లియో డీల్‌మన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్. లోపలి స్తంభాలు చూసి నేను పాలరాయే అనుకున్నాను. తట్టి చూస్తే చెక్క! రాయి కొనే స్తోమత లేక, చెక్క మీదే రాయి చారలు గీయించుకున్నారు. 1912లో స్టాకర్ట్, కెర్న్ అనే ఇద్దరు ఈ రంగులు వేశారు. గోడల మీద తీగలు, పువ్వులు ఒకే అచ్చులో వరసగా సాగుతాయి. అట్టలో డిజైన్ కోసి రంగు అద్దే పద్ధతి అది. గాజు కిటికీల వెలుగు పడితే కళ్లు తిప్పుకోలేం. అందరూ మెచ్చుకునేది దీన్నే. నాకు మాత్రం కాస్త బరువుగా అనిపించింది, పెళ్లికి నగలన్నీ ఒకేసారి పెట్టుకున్నట్టు.

తర్వాత చూసిన డుబీనా గుడి అలా కాదు. ఒక్కటే చూసే టైముంటే ఇక్కడికే రండి. 1909 తుఫానులో పాత గుడి పోతే, 1912లో ఇది కట్టారు. గోపురం మీది ఇనప సిలువ మాత్రం పాత గుడిదే, ఒకప్పుడు బానిసగా బతికిన టామ్ లీ అనే కమ్మరి చేశాడంటారు. పైకప్పు లేత నీలం, దాని నిండా బంగారు నక్షత్రాలు. 1950లలో ఎవరికో తోచి అంతా తెల్లరంగు పూసేశారు. 1983లో ఆ చర్చికొచ్చే విచారణ భక్తులే మళ్లీ ఆ బొమ్మలు వేయించుకున్నారు. అదే మా ఊళ్లోనైతే తెల్లరంగు మీద ఇంకో రెండు పూతలు ఎయిర్ ఫోర్స్ నీలం పడేదేమో!

అత్తయ్య గుమ్మం దగ్గరే చెప్పులు విడిచింది. ఇక్కడ ఎవరూ విడవరని చెప్పినా వినలేదు. లోపలికొచ్చి ముందు చూసింది పీఠాన్ని, తర్వాత బల్లల్ని. "కింద కూర్చోరా వీళ్లు?" అంది. మోకాళ్లూనే పలకలు మడిచి దించి చూసింది. గోడల మీద యేసు సిలువ మోసిన దారిని చూపే సిలువ మార్గం పద్నాలుగు స్థలాలూ వేలితో లెక్కపెట్టి, ఒక బల్లలో కూర్చుని జపమాల తీసింది. మేం బయట చెట్టు కింద అరగంట ఆగాం.

అమన్స్‌విల్ గుడి లోపల గులాబీ రంగు, చూడ్డానికి ముద్దుగా ఉంది. ప్రాహా కొంచెం దూరం, రాతి గుడి, 1895 నాటిది. పొద్దు తక్కువగా ఉందని పది నిమిషాల్లో బయటపడ్డాం, తప్పు చేశాం.

టికెట్ లేదు, చందా పెట్టె ఉంటుంది. ఆదివారం పూజ వేళ చూడ్డానికి వెళ్లకండి. గైడ్ కావాలంటే షూలెన్‌బర్గ్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లకు ముందే చెప్పుకోవాలి. మేం రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. ఏసీ మోతకు నిద్ర పట్టలేదు, రూముకిచ్చిన డబ్బు దండగ. హ్యూస్టన్ నుంచి పొద్దున్నే బయల్దేరితే ఒక్క రోజు చాలు.

టిఫిన్‌కి మాత్రం కొలాచెలు వదలకండి, మధ్యలో పండ్ల గుజ్జు పెట్టిన చెక్ బన్నులు. అత్తయ్య గసగసాలది ఒకటి తిని, ఇంకోటి కాగితంలో చుట్టి "ఇంటికెళ్లాక" అని బ్యాగులో పెట్టింది. అది హ్యూస్టన్ దాకా రాలేదు.